అశోక్‌నగర్ గది నుంచి ధర్నా చౌక్ దాకా

(ప్రపంచ ఆదివాసీ దినోత్సవం సందర్భంగా చిక్కడపల్లిలో జరిగిన మన సంఘం సభలో, పోటీ పరీక్షలకు చదువుతున్న యువతను ఉద్దేశించి చేసిన ప్రసంగ పాఠం)

సభకు వచ్చిన తమ్ముళ్లకు, చెల్లెళ్లకు, పిల్లలను చూసిపోదామని ఊళ్ల నుంచి వచ్చి ఇక్కడే కూర్చున్న తల్లిదండ్రులకు జోహార్. రాం రాం. జై సేవాలాల్.

ఈ మూడు పలకరింపులూ ఒకే వేదిక మీద వినిపించి చాలా రోజులైంది. అందుకే కావాలని మూడూ చెప్పాం. ఆగస్టు 9ని ప్రపంచ ఆదివాసీ దినంగా జరపాలని ఐక్యరాజ్య సమితి 1994లో తీర్మానించింది. ఏటా ఈ రోజు మనం ఆటలు చూస్తాం, పాటలు వింటాం, ఫొటోలు దిగుతాం. ఇవాళ ఆటపాటలకు ముందు కాసేపు వేరే సంగతి మాట్లాడమని సంఘం పెద్దలు మాకు చెప్పారు. సర్కారు మీద మనకు నమ్మకం ఎందుకు పోయింది? ఆ అపనమ్మకం చివరికి మన మీదికే ఎందుకు తిరిగింది? ఇప్పుడు ఏం చేయాలి? ఈ మూడే మా మాటలు.

ముందు మా గది కథ చెప్తాం.

ఊరి నుంచి వచ్చినప్పుడు మాకు హైదరాబాద్ అంటే ఆర్టీసీ క్రాస్‌రోడ్స్, అశోక్‌నగర్ చౌరస్తా, చిక్కడపల్లి సిటీ సెంట్రల్ లైబ్రరీ, నారాయణగూడ వైపు పోయే గల్లీల్లోని హాస్టళ్లు. అంతే. మీకు కూడా అంతే కదా. 2017లో మేము ఆరుగురం అశోక్‌నగర్‌లో నాలుగో అంతస్తులో ఒక గదిలో ఉండేవాళ్లం. దేవరకొండ దిక్కు తండాల నుంచి ఇద్దరు లంబాడీలు, ఉట్నూరు దిక్కు నుంచి ఇద్దరు గోండులు, ములుగు దిక్కు కోయ ఒకరు, ఆసిఫాబాద్ దిక్కు కోలాం ఒకరు. అన్నం గదిలో వండుకునేవాళ్లం, కూర కర్రీ పాయింట్ నుంచి తెచ్చుకునేవాళ్లం. ఆరుగురికీ ఒకటే పేపరు. ఒకరు చదువుతుంటే ఇంకొకరు వెనక పేజీ చదివేవారు.

ఆ ఏడాది చివర ఆదిలాబాద్ జిల్లాల్లో ఆదివాసీలకు, లంబాడీలకు మధ్య గొడవ ముదిరింది. ఉట్నూరులో కొట్లాటలు, నిషేధాజ్ఞలు, ఇంటర్నెట్ బంద్. డిసెంబర్‌లో సరూర్‌నగర్‌లో కొద్ది రోజుల తేడాతో రెండు పెద్ద సభలు జరిగాయి. ఒకటి ఆదివాసీలది, ఒకటి లంబాడీలది. మా గదిలో వాళ్లు చెరో సభకు పోయారు. తిరిగి వచ్చాక ఎవరి ఫోన్‌లో వారికి వీడియోలు. ఎవరు తీశారో, ఎక్కడివో, ఎప్పటివో తెలియదు. కానీ నమ్మాం. సంక్రాంతికి ఊళ్లకు పోయి వచ్చాక గది ఖాళీ చేశాం. ఆరుగురం పైసలు వేసుకొని కొన్న కుక్కర్ కోసం ఎవరూ గొడవ పడలేదు. ఎవరూ తీసుకోలేదు కూడా. ఓనర్ ఇంట్లో పని చేసే అమ్మకు ఇచ్చి దిగిపోయాం.

ఆ తర్వాత లైబ్రరీలో వేర్వేరు టేబుళ్ల దగ్గర కూర్చున్నాం. విచిత్రం ఏమిటంటే నోటిఫికేషన్ వచ్చినప్పుడు ఆరుగురమూ దరఖాస్తులో అదే ఎస్టీ గడిలో టిక్కు పెట్టాం. అదే పరీక్ష రాశాం. అదే పరీక్ష రద్దయింది.

సర్కారును నమ్మకపోవడం మనకు నేర్పిన అవసరం లేదు. అది మన తాతల నుంచే వచ్చింది. కొమురం భీమ్ కాలంలో గోండులు, కోలాములు అడిగింది తాము కొట్టుకున్న భూమి మీద, అడవి మీద హక్కు. 1940లో జోడేఘాట్‌లో నిజాం పోలీసులు తూటాలతో జవాబిచ్చారు. భీమ్ నేలకొరిగాకే అసలు గొడవ ఏమిటో తెలుసుకొని రమ్మని హైమండార్ఫ్‌ను పంపారు. ముందు కాల్చి తర్వాత కారణం అడిగారన్నమాట.

స్వతంత్రం వచ్చాక కూడా ఆ పద్ధతి పోలేదు. 1981 ఏప్రిల్ 20, సోమవారం, ఇంద్రవెల్లి సంత రోజు. భూముల సమస్య మీద గిరిజన రైతు కూలీ సంఘం సభ పెట్టింది. అనుమతి లేదన్నారు పోలీసులు. జనం వచ్చారు, కాల్పులు జరిగాయి. సర్కారు లెక్కలో చనిపోయింది 13 మంది. ఆ లెక్క చాలా తక్కువని హక్కుల సంఘాలు, ఊళ్లవాళ్లు అప్పటి నుంచీ చెప్తూనే ఉన్నారు. కట్టుకున్న స్తూపాన్ని పేల్చేస్తే మళ్లీ కట్టారు. ఏప్రిల్ 20న అక్కడ ఒక పువ్వు పెట్టడానికి కూడా ఏళ్ల తరబడి ఆంక్షలే. చచ్చిపోయినవాళ్ల కోసం ఏడవడానికి పర్మిషన్ అడగాల్సి వచ్చిన జాతికి సర్కారు మీద నమ్మకం ఉండాలంటే ఎట్లా ఉంటుంది?

అట్లాగని మన చేతిలో ఏమీ లేదనుకుంటే అదీ తప్పే. చట్టాలు ఉన్నాయి. షెడ్యూల్డ్ ప్రాంతాల్లో భూమి గిరిజనేతరుల చేతికి పోకుండా 1970 నాటి ఒకటో రెగ్యులేషన్ ఉంది, మన ఊళ్లలో వన్ ఆఫ్ సెవెంటీ అంటే ముసలమ్మకు కూడా తెలుసు. 1996లో పెసా వచ్చింది. 1997లో సమత కేసులో సుప్రీంకోర్టు షెడ్యూల్డ్ ప్రాంతాల భూములను ప్రైవేటు గనుల కంపెనీలకు లీజుకు ఇవ్వడం చెల్లదన్నది. 2006లో అటవీ హక్కుల చట్టం వచ్చింది. ఇవేవీ ఎవరో దయతలచి ఇచ్చినవి కావు. ప్రతి దాని వెనకా మనవాళ్ల పోరాటం ఉంది, పక్కన నిలబడ్డ హక్కుల సంఘాల కష్టం ఉంది.

కానీ కాగితం మీది హక్కు చేను దాకా రావడానికి ఎన్నేళ్లు పడుతుందో పోడు రైతును అడగండి. 2005 డిసెంబర్ 13 నాటికి సాగులో ఉన్న గిరిజనులకు హక్కు ఉందని చట్టం అంటుంది. అయినా లక్షల దరఖాస్తులను తిరస్కరించారు. 2019 ఫిబ్రవరి 13న సుప్రీంకోర్టు, తిరస్కరణకు గురైనవాళ్లను అడవి నుంచి ఖాళీ చేయించాలని రాష్ట్రాలకు చెప్పింది. దేశమంతా గగ్గోలు పుట్టాక ఫిబ్రవరి 28న ఆ ఆదేశాన్ని ఆపింది. ఆ 15 రోజులు మన గూడేల్లో ఎవరూ నిద్రపోలేదు. మన రాష్ట్రంలో 2023 జూన్ 30న ఆసిఫాబాద్ నుంచి పట్టాల పంపిణీ మొదలైంది. సుమారు లక్షన్నర మందికి 4 లక్షల ఎకరాలకు ఇస్తున్నామని సర్కారు ప్రకటించింది. మంచిదే. వచ్చినవాళ్ల ఇంట్లో పండగ. రానివాళ్లకు ఎందుకు రాలేదో చెప్పినవాళ్లు మాత్రం తక్కువ.

ఇక్కడ ఒక చేదు మాట కూడా చెప్పాలి. 2022 నవంబర్‌లో భద్రాద్రి కొత్తగూడెం జిల్లాలో పోడు గొడవలో ఒక అటవీ అధికారిని చంపేశారు. ఆయన కూడా జీతం మీద బతికే మనిషే, ఆయనకూ ఇల్లుంది, కుటుంబముంది. అది హక్కుల పోరాటం కాదు. అపనమ్మకం కత్తి పట్టుకుంటే ఏమవుతుందో అక్కడ చూశాం. ఒక ప్రాణం పోయింది, ఆ తర్వాత గుత్తికోయల గుంపు మొత్తాన్ని ఊరు ఊరంతా అనుమానంగా చూసింది. ఛత్తీస్‌గఢ్‌లో బతకలేక వచ్చినవాళ్లకు ఇక్కడా బతుకు బరువైంది.

ఇక మీ సంగతికి వస్తాం. 2022 అక్టోబర్ 16న గ్రూప్-1 ప్రిలిమ్స్ జరిగింది. పేపర్ లీకేజీ బయటపడి 2023 మార్చిలో రద్దయింది. జూన్ 11న మళ్లీ రాశాం. బయోమెట్రిక్ తీసుకోలేదన్న కారణంతో సెప్టెంబర్‌లో హైకోర్టు దాన్నీ రద్దు చేసింది. డిసెంబర్‌లో సర్కారు మారింది. 2024 ఫిబ్రవరిలో 563 పోస్టులతో కొత్త నోటిఫికేషన్. అక్టోబర్‌లో మెయిన్స్‌కు ముందు మళ్లీ రోడ్డు మీదికి వచ్చింది అశోక్‌నగర్. ఈసారి గొడవ జీవో 29 మీద. ఒక్కో పోస్టుకు 50 మంది చొప్పున మెయిన్స్‌కు ఎంపిక చేసేటప్పుడు లెక్క ఎట్లా వేయాలన్నది సమస్య. 2022 నాటి జీవో 55లో ఒక పద్ధతి ఉంది, దాని స్థానంలో ఇంకో పద్ధతి తెచ్చారు. ఓపెన్‌లో రావాల్సిన ఎస్సీ, ఎస్టీ, బీసీ పిల్లలను కోటాలోనే లెక్కగడితే మన సీటు ఒకటి తగ్గినట్టే కదా అన్నది మన భయం. అట్లా జరగదని సర్కారు అన్నది. సుప్రీంకోర్టు జోక్యం చేసుకోనన్నది, అక్టోబర్ 21న పరీక్షలు మొదలయ్యాయి. 2025 సెప్టెంబర్‌లో హైకోర్టు సింగిల్ జడ్జి ఆ ఫలితాలను పక్కన పెట్టారు, అదే నెలలో డివిజన్ బెంచ్ ఆ తీర్పు మీద స్టే ఇచ్చింది.

ఈ వరసలో రెండు సర్కార్లు ఉన్నాయి. ఒకరి హయాంలో పేపర్ లీకైంది, ఇంకొకరి హయాంలో లాఠీ లేచింది. మొదటిసారి మన పక్కన నిలబడ్డ పార్టీ రెండోసారి కుర్చీలో ఉంది. మొదటిసారి కుర్చీలో ఉన్నవాళ్లు రెండోసారి మన చౌరస్తాకు వచ్చి మైకు పట్టుకున్నారు. మేము ఎవరినీ రావద్దనం. నాయకుడు వస్తే కెమెరా వస్తుంది, కెమెరా వస్తే మన మాట పది మందికి తెలుస్తుంది. కానీ ఒకటి గమనించాం. కండువాలు వచ్చిన సాయంత్రమే మనం ముక్కలయ్యాం. మన డిమాండ్ ఏమిటన్నది పోయి, ఎవరి మనిషి ఎవరన్నది మొదలైంది. ఆ రాత్రి వాట్సాప్ గ్రూపుల్లో ఒకరినొకరు అమ్ముడుపోయావని తిట్టుకున్నారు. పొద్దున సర్కారును నమ్మనివాళ్లు రాత్రికి పక్క బెంచీ మిత్రుణ్ని నమ్మలేదు.

ఆదివాసీ, లంబాడీ గొడవలో జరిగింది కూడా ఇదే. ఇది చెప్పడం కష్టం, కానీ చెప్పకుండా దిగిపోతే మా గది గురించి చెప్పి లాభం లేదు.

తెలంగాణ ప్రాంతంలో లంబాడీలు ఎస్టీ జాబితాలోకి వచ్చింది 1976 చట్ట సవరణతో. అంతకుముందే ఆంధ్ర ప్రాంతంలో ఆ హోదా ఉంది. మహారాష్ట్రలో వాళ్లు ఎస్టీలు కారు, కర్ణాటకలో ఎస్సీలు. జాబితాలో చేరాక చదువుల్లో, ఉద్యోగాల్లో, పదవుల్లో తమ వాటా తగ్గిందని గోండు, కోయ, కోలాం, తోటి, చెంచు, కొండరెడ్డి బిడ్డలు అంటున్నారు. అది ఊరికే అన్న మాట కాదు. మంచి బడి లేని గూడెం నుంచి వచ్చిన కోలాం పిల్లవాడికి ఆ బాధ నిజం. మరో పక్క, తండాలో పుట్టి, వలసపోయి, బిడ్డను చదివించుకున్న లంబాడీ తల్లికి ఈ హోదా పోతే మళ్లీ మొదటికి వస్తామన్న భయం కూడా నిజం. జాబితా నుంచి తొలగించాలన్న వివాదం 2025లో సుప్రీంకోర్టు దాకా పోయింది. అక్కడ తేలేది అక్కడ తేలుతుంది. రాజ్యాంగం ప్రకారం జాబితాను మార్చే అధికారం పార్లమెంటుది, ఉట్నూరు చౌరస్తాది కాదు, అశోక్‌నగర్ టీ కొట్టుది అంతకన్నా కాదు.

మరి ఈలోపు ఇద్దరమూ కలిసి పోగొట్టుకున్నది ఏమిటో చూడండి. ఏజెన్సీ బడుల్లో టీచర్ పోస్టులన్నీ స్థానిక గిరిజనులకే ఇచ్చే జీవో 3 రెండువేల సంవత్సరం జనవరిలో వచ్చింది. 2020 ఏప్రిల్ 22న సుప్రీంకోర్టు దాన్ని కొట్టేసింది. అప్పటి ఉద్యోగాలు నిలిచాయి కానీ ముందు రావాల్సినవి పోయాయి. మన పిల్లలకు మన భాషలో అక్షరం చెప్పే మనిషి పోయాడు. రిజర్వేషన్ 6 శాతం నుంచి 10 శాతానికి పెంచాలని 2017లో శాసనసభ బిల్లు పాస్ చేస్తే, అది అమల్లోకి రావడానికి 2022 సెప్టెంబర్ 30 నాటి జీవో 33 దాకా ఆగాల్సి వచ్చింది. ఈ రెండింటి మీద ఇద్దరమూ కలిసి ఎన్ని రోజులు ధర్నా చౌక్‌లో కూర్చున్నాం? ఒకరి మీద ఒకరం పెట్టిన సభల్లో సగం కూడా కాదు.

అందుకే మేము అనేది ఇది. సర్కారును అనుమానించండి, తప్పు లేదు. కానీ అనుమానం వచ్చిన ప్రతిసారీ విచారించడం నేర్చుకోండి. విచారించని అనుమానం ఎవరు ఎటు తిప్పితే అటు తిరుగుతుంది.

ఈ పని మనకు నేర్పినవాళ్లు ఈ నగరంలోనే బతికారు. బాలగోపాల్ కాకతీయ యూనివర్సిటీలో లెక్కలు చెప్పిన మనిషి. ఉద్యోగం వదిలి పౌరహక్కుల ఉద్యమంలోకి వచ్చి, తర్వాత లాయరయ్యారు. 2009లో చనిపోయే దాకా బస్సుల్లో, కాలినడకన ఏజెన్సీ ఊళ్లు తిరిగారు. కన్నబిరాన్ కోర్టుల్లో నిలబడ్డారు. వాళ్ల పద్ధతి పేరు నిజనిర్ధారణ. ఘటన జరిగిన ఊరికి పోవాలి, రెండు పక్షాలనూ అడగాలి, పోలీసు మాట కూడా రాసుకోవాలి, తేదీలు సరిచూడాలి, అప్పుడు నోరు విప్పాలి. తుపాకి ఎవరి చేతిలో ఉన్నా తప్పు తప్పే అని బాలగోపాల్ చెప్పారు, అందుకు రెండు వైపులా మాటలు పడ్డారు. ఆ వీడియోలు చూసిన రాత్రి మా గదిలో ఒక్కరైనా ఇది ఏ ఊరిది, ఏ తేదీది అని అడిగి ఉంటే బహుశా ఆ గది ఖాళీ అయ్యేది కాదు.

ఇప్పుడు చేతికి పనికొచ్చే నాలుగు మాటలు. రాసుకోండి.

మొదటిది, అడిగే హక్కు. సమాచార హక్కు చట్టం 2005 నుంచి ఉంది. 10 రూపాయలతో దరఖాస్తు, 30 రోజుల్లో జవాబు. మీ జిల్లాలో ఎన్ని ఎస్టీ బ్యాక్‌లాగ్ పోస్టులు ఉన్నాయి, ఏ తెగకు ఎన్ని ఉద్యోగాలు వచ్చాయి, ఇవన్నీ కాగితం మీద అడగండి. మన మధ్య వాటాల గొడవ కూడా లెక్క దగ్గర పెట్టుకొని మాట్లాడుకుంటే తిట్టు తగ్గుతుంది.

రెండోది, పోడు. దరఖాస్తు తిరస్కరిస్తే కారణం రైతుకు తెలపాలి. గ్రామసభ నిర్ణయం మీద సబ్ డివిజన్ కమిటీకి, దాని మీద జిల్లా కమిటీకి 60 రోజుల్లో అప్పీలు చేసుకోవచ్చు. నోటిమాటగా రాలేదు పో అంటే వెనక్కి రాకండి, రాతలో ఇమ్మనండి.

మూడోది, పోలీసులు. ధర్నాకు ముందురోజు రాత్రి హాస్టల్ తలుపు కొట్టడం ఇక్కడ కొత్త కాదు. ముందస్తు అరెస్టుకు ఇప్పుడు కొత్త చట్టంలో 170 సెక్షన్, పాతది 151. దాని కింద 24 గంటలు మించి ఉంచకూడదు. ఎందుకు పట్టుకున్నారో చెప్పాలి, ఇంట్లోవాళ్లకు తెలపాలి, లాయర్‌ను కలవనివ్వాలి. మామూలుగా మహిళలను పొద్దుగూకాక, పొద్దు పొడవకముందు అరెస్టు చేయకూడదు. కేసైతే ఉద్యోగం రాదని అమ్మానాన్నలు భయపడతారు, ఆ భయం మాకూ తెలుసు. ప్రతి కేసూ ఉద్యోగానికి అడ్డం కాదు. కానీ వెరిఫికేషన్ ఫారంలో అడిగింది దాస్తే అది పెద్ద నష్టమవుతుంది. 2016లో సుప్రీంకోర్టు చెప్పింది ఇదే, కేసు స్వభావం చూసి నిర్ణయించాలి, దాపరికం మాత్రం వద్దు అని. ఇంకొకటి, ఎస్టీలకు ఆదాయంతో పని లేకుండా ఉచిత న్యాయ సహాయం హక్కు. న్యాయ సేవాధికార సంస్థకు పోయి లాయర్‌ను అడగవచ్చు.

నాలుగోది, కూర్చునే చోటు. ఇక్కడికి నడిచిపోయేంత దూరంలో ఇందిరా పార్క్ ధర్నా చౌక్ ఉంది. 2017లో దాన్ని ఊరి బయటికి తీసుకుపోయారు. నగరం బయట అరిచినా సెక్రటేరియట్‌కు వినపడదు కదా. అప్పుడు రకరకాల జెండాలవాళ్లు, ఒకరి మొహం ఒకరు చూడనివాళ్లు కూడా, ఒక్క మాట మీద నిలబడ్డారు. 2018లో హైకోర్టు ఉత్తర్వులతో ధర్నా చౌక్ తిరిగి వచ్చింది. జెండాలు కలిపేయలేదు, ఎవరి జెండా వారిదే. అందరికీ కావాల్సిన ఆ ఒక్క చోటు కోసం మాత్రం కలిశారు. మనం కూడా అంతే చేద్దాం. జాబితా మీద ఎవరి వాదన వారిది. పోడు, వన్ ఆఫ్ సెవెంటీ, ఏజెన్సీ టీచర్ పోస్టులు, హాస్టళ్లు, పరీక్షల నిజాయితీ, ఈ అయిదింటి మీద మాత్రం ఒకే బ్యానర్.

చివరగా మా గది సంగతి మిగిలింది. రెండేళ్ల కింద ఉట్నూరు దిక్కు మిత్రుడు ఫోన్ చేశాడు, ఆరేడేళ్ల తర్వాత. వాళ్ల నాన్న పోడు దరఖాస్తు తిరస్కరించారట. ఆఫీసులో అడిగితే కాగితం ఇవ్వలేదట. మా గదిలోని దేవరకొండ మిత్రుడు ఇప్పుడు లాయర్. ఇద్దరికీ మాటల్లేవు. ఫోన్ నంబర్ మేము ఇచ్చాం. మొదటి రోజు ఇద్దరూ కాగితాల గురించి తప్ప ఇంకేమీ మాట్లాడుకోలేదు. మూడోసారి కలిసినప్పుడు నారాయణగూడలో చాయ్ తాగారు. జాబితా గురించి వాదించుకున్నారు కూడా, ఇద్దరిలో ఎవరూ మెత్తబడలేదు. అప్పీలు మాత్రం వేశారు. ఆ ఫైలు ఇంకా తేలలేదు. ఆ ముసలాయన ఈ వానాకాలం కూడా పట్టా లేకుండానే పత్తి పెట్టాడు.

అది తేలే దాకా ఇద్దరూ ఫోన్ ఎత్తుకుంటూనే ఉంటారు. మేము మీ నుంచి కోరేది కూడా అంతే. వచ్చే ఆదివారం నుంచి సంఘం తరఫున పొద్దున 10 గంటలకు ఒక టేబుల్ వేస్తున్నాం. పోడు కాగితాలు, కుల ధ్రువీకరణ, సమాచార హక్కు దరఖాస్తు, ఏదైనా పట్టుకురండి. ఏ తెగ అని ఎవరూ అడగరు. చదివి రాయగలిగినవాళ్లు ఒక గంట కూర్చోండి. కుక్కర్ మేము తెస్తాం, కూర మీరు తెండి.

జోహార్. రాం రాం. జై సేవాలాల్.